దొంగజ్వరం – ఒక పోలిష్ సైనికవైద్యుని కథ

మా పల్నాటి సీమలో జ్వరం నాలుగు రోజులు దాటితే మొదట చేయించే రక్తపరీక్ష వైడాల్. దాచేపల్లి బజారులో ఏ ల్యాబుకు వెళ్ళినా ఈ పేరు వినిపిస్తుంది. మిరపచేలో కోతకు వెళ్ళే కూలీలకు సైతం అది టైఫాయిడ్ పరీక్ష అని తెలుసు. కొన్ని చీటీలలో దాని దిగువన మరొక వరుస కూడా ఉంటుంది: ఓ.ఎక్స్.19, ఓ.ఎక్స్.2, ఓ.ఎక్స్.కె. దీనిని వైల్-ఫెలిక్స్ పరీక్ష అంటారు. గడ్డిలోను, పొదలలోను ఉండి కంటికి ఆనని పురుగు కుట్టడం వలన వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని పసిగట్టడానికి, మెరుగైన పరీక్షలు అందుబాటులో లేనిచోట దీనిని ఇప్పటికీ వాడుతుంటారు. ఆ వరుసలోని మొదటి పేరు, ఓ.ఎక్స్.19, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పోలండు దేశపు పల్లెల్లో ఎందరినో కాపాడింది. అందుకు కారకులైన వైద్యులు ఇద్దరు. వారిలో ఒకరు ఆ తరువాత అమెరికాకు వలసవెళ్ళి, షికాగోలో పిల్లల వైద్యునిగా స్థిరపడి, ఈ సంగతిని చాలా ఏళ్ళ పాటు ఎవరికీ చెప్పలేదు. ఆయన పేరు యూజినియుష్ వజోఫ్‌స్కీ. పోలిష్ లిపిలో గీత కొట్టిన 'ఎల్' అక్షరాన్ని 'వ' అని పలుకుతారు. ఆ గీతను పట్టించుకొనని అమెరికా వారికి ఆయన లజోవ్‌స్కీ అయినాడు. వలసవెళ్ళిన వాని పేరులో ముందుగా అరిగిపోయేవి ఇటువంటి గీతలే కాబోలు.

కథలోకి వెళ్ళేముందు జ్వరం సంగతి కొంత చెప్పుకోవాలి. టైఫాయిడ్ వేరు, టైఫస్ వేరు. పేర్లలోని పోలిక వలన మనవారు తరచు పొరబడుతుంటారు. టైఫాయిడ్ కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తుంది. యుద్ధాలలోను, కరవులలోను, చెరసాలలలోను జనాన్ని ఊడ్చిపెట్టిన టైఫస్ చీరపేల ద్వారా వస్తుంది. రోగి రక్తం త్రాగిన పేను మరొకరి బట్టలలోకి ప్రాకుతుంది. కుట్టినచోట గోకినప్పుడు దాని విసర్జనలోని క్రిములు ఒంటిలోకి చేరుతాయి. చీరపేను దీనికి వాహకమని 1909లో ట్యునీషియాలో కనుగొన్న షార్ల్ నికోల్‌కు 1928లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈ జ్వరాన్ని పరిశోధిస్తూ దానికే బలియైన వారూ ఉన్నారు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు రికెట్స్ 1910లో, ప్రొవాజెక్ 1915లో మరణించారు. వారిద్దరి పేర్లనూ కలిపి ఆ క్రిమికి రికెట్సియా ప్రొవాజెకీ అని నామకరణం చేశారు.

1915లో, మొదటి యుద్ధం నడుస్తుండగా, ఆస్ట్రియా సైన్యం కొరకు పనిచేస్తున్న ఎడ్మండ్ వైల్, ఆర్థర్ ఫెలిక్స్ అనే ఇద్దరు ఒక విచిత్రాన్ని గమనించారు. ఒక టైఫస్ రోగి మూత్రంలో ప్రోటియస్ అనే సామాన్యమైన క్రిమి దొరికింది. దానికీ టైఫస్‌కూ ఏ సంబంధమూ లేదు. కాని టైఫస్ రోగుల రక్తరసాన్ని దానితో కలిపితే ఆ క్రిములు ముద్దలుగా గుమికూడుతున్నాయి. టైఫస్ క్రిమి పైపొరలోని ఒక అంశకు, ఈ ప్రోటియస్ పైపొరలోని అంశకు యాదృచ్ఛికంగా పోలిక కుదిరింది. అన్న చేసిన బాకీని ముఖకవళికలు చూసి తమ్ముణ్ణి అడిగినట్లు, టైఫస్ కొరకు తయారైన ప్రతిరక్షకాలు ప్రోటియస్‌ను పట్టుకొంటున్నవి. అసలు క్రిమిని ప్రయోగశాలలో పెంచడం కష్టము, ప్రమాదకరము కూడా. కనుక దాని బదులు ఈ నకలుతోనే రోగనిర్ణయం చేయసాగారు. ఆ ప్రోటియస్ రకానికి పెట్టిన గుర్తే ఎక్స్.19.

ఇందులో ఒక లొసుగు ఉన్నది. టైఫాయిడ్ టీకా వేయించుకొన్నవానికి జ్వరం లేకున్నా కొంతకాలం వైడాల్ పాజిటివ్ రావచ్చునని మన వైద్యవిద్యార్థులందరికీ తెలుసు. అదేవిధంగా ఆరోగ్యవంతునికి చంపిన ప్రోటియస్ క్రిములను సూదిమందుగా ఎక్కిస్తే? ఒంటికి ఏ ముప్పూ ఉండదు. రక్తం మాత్రం టైఫస్ ఉన్నదని సాక్ష్యం చెబుతుంది.

వజోఫ్‌స్కీ 1913లో చెన్‌స్తొహోవ నగరంలో పుట్టాడు. వార్సాలో వైద్యం చదివాడు. 1939 సెప్టెంబరు 1న జర్మనీ, 17న సోవియట్ యూనియన్ దండెత్తినప్పుడు అతడు పోలిష్ సైన్యంలో సెకండ్ లెఫ్టినెంటుగా, రెడ్‌క్రాస్ రైలులో క్షతగాత్రులకు చికిత్స చేస్తున్నాడు. దేశం కొన్ని వారాలలోనే కూలిపోయింది. యుద్ధఖైదీల శిబిరంలో చిక్కి, గోడ దూకి తప్పించుకొన్నాడు. ఆ ఏడాది సోవియట్ల చేతికి చిక్కిన వేలాది పోలిష్ అధికారులను 1940 వసంతంలో కాటిన్ అడవిలోను, మరికొన్ని చోట్లను కాల్చిచంపారు. చంపబడినవారిలో వైద్యులు కూడా పలువురున్నారు. ఆ తరపు పోలిష్ సైనికవైద్యునికి చావుకూ బ్రతుకుకూ మధ్య దూరం అంత స్వల్పం.

తరువాత అతడు భార్యనూ పసిబిడ్డనూ తీసుకొని సాన్ నది దాపునగల రొజ్వదూఫ్ అనే చిన్న ఊరు చేరి, పోలిష్ రెడ్‌క్రాస్ తరఫున వైద్యం ప్రారంభించాడు. ఈ ఊరు ఇప్పుడు స్తలోవ వోల నగరంలో కలిసిపోయింది. అక్కడ ఉండగానే రహస్య ప్రతిఘటన సైన్యమైన 'స్వదేశ సేన'లో చేరాడు. పగలు ఊరి డాక్టరు, రాత్రి అజ్ఞాత సైనికుడు.

అతని ఇంటి పెరడు యూదులను నిర్బంధించిన వాడకు ఆనుకొని ఉండేది. యూదులకు వైద్యం చేసిన పోలిష్ వానికి శిక్ష మరణమే. వారితో ఒక ఏర్పాటు చేసుకొన్నాడు. ఎవరికైనా జబ్బు చేస్తే కంచెపై తెల్లగుడ్డ ఆరవేస్తారు. చీకటి పడగానే ఇతడు వెళ్ళి చూసి వస్తాడు. మందుల లెక్క జర్మన్లకు అప్పజెప్పాలి గదా! రొజ్వదూఫ్ రైలుకూడలి కనుక, దారినపోయే ప్రయాణికులకు వాడినట్లు వ్రాసి సరిపెట్టేవాడు. పుస్తకంలో లేని రోగులకు మందు ఇవ్వడం, మందు వాడని రోగులను పుస్తకంలోకి ఎక్కించడం. తరువాతి పెద్ద మోసానికి ఇది అక్షరాభ్యాసం వంటిది.

ఆ పెద్ద మోసం మూలసూత్రాన్ని కనుగొన్నవాడు మాత్రం వజోఫ్‌స్కీ కాదు. ఈ మాట నొక్కి చెప్పవలసి వస్తున్నది, ఎందుకంటే చాలా వ్యాసాలలో రెండవ వైద్యుని పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఆయన స్తనిస్వాఫ్ మతులేవిచ్. వజోఫ్‌స్కీకి వైద్యకళాశాల స్నేహితుడు, సమీపంలోని జ్బిద్నియూఫ్ గ్రామంలో వైద్యుడు. రక్తనమూనాలను జర్మన్ ప్రయోగశాలకు పంపి ఫలితం కొరకు రోజుల తరబడి ఎదురుచూడడం ఇష్టంలేక, తానే వైల్-ఫెలిక్స్ పరీక్ష చేసుకొనే ఏర్పాటు చేసుకొన్నాడు. ఆ క్రమంలోనే, చంపిన ప్రోటియస్‌ను ఎక్కిస్తే పరీక్ష పాజిటివ్ అవుతుందని గ్రహించాడు.

ఆ సమయాన ఒక మనిషి అతని వద్దకు వచ్చాడు. జర్మనీలో వెట్టికి పట్టుకుపోయినవారిలో ఒకడు. 14 రోజుల సెలవుపై ఇంటికి వచ్చాడు. గడువు తీరుతున్నది. తిరిగి వెళితే ఆ నరకం, వెళ్ళకుంటే తనను వేటాడడమే గాక కుటుంబాన్ని కూడా నిర్బంధ శిబిరానికి పంపుతారు. ప్రాణం తీసుకోవడమే దారి అనుకొంటున్నాడు. మతులేవిచ్ అతనికి సూది వేశాడు. కొన్ని రోజులాగి రక్తం తీసి జర్మన్ ప్రయోగశాలకు పంపారు. వైల్-ఫెలిక్స్ పాజిటివ్ అని తంతి వచ్చింది. టైఫస్ రోగిని జర్మనీలోకి రానిచ్చేవారు లేరు. అతడు ఇంటివద్దనే ఉండిపోయాడు.

స్నేహితుని నోట ఈ సంగతి విన్న వజోఫ్‌స్కీకి తోచిన ఊహే కథను మలుపు తిప్పింది. ఒక్కనికి పనిచేసినది ఒక ప్రాంతానికంతటికీ ఎందుకు పనిచేయదు? జర్మన్లకు టైఫస్ అంటే ఎంత భయమో అతనికి తెలుసు. మొదటి యుద్ధంలో సెర్బియాలోను, ఆ తరువాత రష్యాలోను ఈ జ్వరం లక్షల ప్రాణాలు తీసింది. జర్మనీలో చాలా ఏళ్ళుగా అది లేదు గనుక అక్కడివారికి రోగనిరోధక శక్తీ లేదు. టైఫస్ ఉన్న ఊరిలోకి సైనికులు అడుగుపెట్టరు, మనుషులను వెట్టికి పట్టుకుపోరు.

ఇక్కడినుండి ఇద్దరూ చేసినది చూస్తే వైద్యుని బుద్ధికి సైనికుని జాగ్రత్త తోడైనట్లు కనిపిస్తుంది. జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులతో వచ్చిన రోగికి 'ప్రోటీన్ ఉత్తేజక చికిత్స' అని చెప్పి సూది వేసేవారు. అసలు సంగతి రోగికి తెలియదు, కుటుంబానికి తెలియదు, ఊరివారికీ తెలియదు. తెలిసినవాడు హింసకు తాళలేక చెప్పవచ్చు. తెలియనివాడు ఏమి చెబుతాడు? అన్ని కేసులూ తమ చేతిమీదుగానే బయటపడితే అనుమానం వస్తుందని, సూది వేసిన కొందరిని ఏమీ ఎరుగని ఇతర వైద్యుల వద్దకు పంపేవారు. ఆ వైద్యులు తామే టైఫస్‌ను కనిపెట్టామనుకొని నిజాయితీగా నివేదించేవారు. టైఫస్ చలికాలపు జబ్బు. ఉన్నిబట్టలు విడువని కాలంలో పేలు పెరుగుతాయి. అందుచేత శరదృతువు, హేమంతాలలో సూదులు ఎక్కువ, వేసవిలో తక్కువ. సహజమైన మహమ్మారి గీత ఎట్లా లేచి ఎట్లా దిగుతుందో, వీరి కల్పిత మహమ్మారి గీత కూడా అట్లాగే లేచింది, దిగింది. చివరకు సుమారు డజను గ్రామాలు, 8 వేల జనాభా ఉన్న ప్రాంతాన్ని జర్మన్ అధికారులు టైఫస్ మండలంగా ప్రకటించారు.

బడి ఎగవేయడానికి పిల్లలు నటించే దొంగజ్వరం మనకందరికీ తెలిసినదే. ఇక్కడ ఒక సీమ సీమంతా తనకు తెలియకుండానే దొంగజ్వరం పెట్టుకొన్నది.

కొంతకాలానికి గెస్టపోకు అనుమానం వచ్చింది. ఇంత టైఫస్‌లో చావులు ఎందుకు లేవు? పరిశీలనకు జర్మన్ వైద్యబృందాన్ని పంపారు. ఊరివారు వారికి విందు ఏర్పాటు చేశారు. వోద్కా, మాంసం, సంగీతం. బృందనాయకుడు విందువద్దనే ఉండిపోయి పడుచు వైద్యులను రోగుల వద్దకు పంపాడు. వారికి చూపించడానికి, ముందుగానే సూదులు వేసియున్న రోగులను మురికి గుడిసెలలో సిద్ధంగా ఉంచారు. పేలు ప్రాకుతాయన్న భయంతో ఆ పడుచువాళ్ళు దగ్గరకు పోయి పరీక్షించలేదు. గబగబా రక్తం తీసుకొని వెళ్ళిపోయారు. ఫలితం ఏమి వచ్చియుంటుందో చదువరులకు చెప్పనవసరం లేదు.

ఈ కథను ఇంతటితో ఆపి '8 వేలమంది యూదులను రక్షించిన పోలిష్ షిండ్లర్' అని ముగింపు పలకడం అంతర్జాలంలో రివాజుగా మారింది. ఆ మాట నిజం కాదు. ఆకర్షణీయమైన అసత్యం గనుక దానిని విప్పి చూపడం అవసరమనిపిస్తున్నది.

మొదటిది, 8 వేలు అన్నది ఆ మండలంలోని మొత్తం జనాభా. సూది వేయించుకొన్నవారి సంఖ్య కాదు, యూదుల సంఖ్య అంతకన్నా కాదు. అవి ప్రధానంగా కాథలిక్ రైతుల గ్రామాలు. రెండవది, రొజ్వదూఫ్ యూదులలో అత్యధికులను జర్మన్లు 1939 శరత్కాలంలోనే సాన్ నది దాటించి సోవియట్ భాగంలోకి తరిమివేశారు. మిగిలినవారి వాడను 1942 జూలైలో ఖాళీ చేయించారు. కొందరిని అక్కడే చంపి, కొందరిని శిబిరాలకు తరలించారు. కంచెపై తెల్లగుడ్డ ఆరవేసే చేతులు ఆ తరువాత లేవు. మూడవది అన్నిటికన్నా క్రూరమైనది. పోలిష్ రైతుకు టైఫస్ ఉన్నదని తేలితే అతణ్ణి విడిగా ఉంచేవారు. యూదునికి ఉన్నదని తేలితే చంపివేసేవారు. కనుక ఈ సూది యూదులకు వేయడానికి వీలులేదు. ఈ వైద్యులు దానిని యూదేతరులకే వేశారు.

ఒకే జ్వరం పేరు అటు కవచము, ఇటు మరణశాసనము అయిందన్నమాట. నాజీలు యూదులను టైఫస్ మోసేవారుగా చిత్రించి ప్రచారం చేశారు. 1940లో వార్సా యూదవాడ చుట్టూ గోడ కట్టినప్పుడు చెప్పిన సాకులలో ఈ జ్వరం ఒకటి. లక్షలాదిమందిని ఇరుకు వాడలలో కుక్కి, సబ్బూ నీరూ తిండీ అందకుండా చేసి, తామే ఆ జ్వరాన్ని నిజం చేశారు. వజోఫ్‌స్కీ, మతులేవిచ్ ఆ ప్రచారం పుట్టించిన భయాన్నే తెచ్చి జర్మన్ల మీదికి త్రిప్పారు. కాని ఆ ఉపాయం అందరికీ వర్తించేది కాదు. ఆ సంగతి వారికి తెలుసు.

అదీగాక ఆ మండలం చుట్టూ వజ్రపుకోట ఏమీ లేదు. 1943 జూన్‌లో, మతులేవిచ్ పనిచేసిన జ్బిద్నియూఫ్‌లోనే, అక్కడి భూస్వాముల భవనంలో పెళ్ళికి చేరినవారిని జర్మన్లు రాత్రివేళ కాల్చిచంపారు. టైఫస్ ప్రకటన వెట్టికి పట్టుకుపోవడాన్ని, సోదాలను తగ్గించగలిగింది. హత్యలన్నిటినీ ఆపలేకపోయింది. నా దృష్టిలో ఇంతమాత్రం చేసినందుకే ఆ ఇద్దరూ చరిత్రలో చోటుకు అర్హులు. వారు చేయని పనిని వారికి అంటగట్టడం వలన, చేసిన పని చిన్నదిగా కనబడుతుంది. చనిపోయిన యూదులను లెక్కలలో బ్రతికించినట్లూ అవుతుంది. ఈ రెండవ దోషం మరీ పెద్దది.

యుద్ధం చివరి దశలో ఒకనాడు ఒక జర్మన్ సైనికుడు వజోఫ్‌స్కీ ఇంటికి వచ్చాడు. సుఖవ్యాధికి గుట్టుగా వైద్యం చేయించుకొన్నవాడు. పై అధికారులకు తెలిస్తే శిక్ష తప్పని జబ్బు అది. ఆ కృతజ్ఞతతో, వజోఫ్‌స్కీ స్వదేశ సేన సభ్యుడని గెస్టపోకు తెలుసుననీ, టైఫస్‌తో పోరాడుతున్న వైద్యుడు గనుక ఇంతకాలం ఊరకున్నారనీ, ఇప్పుడు పారిపొమ్మనీ హెచ్చరించాడు. ఊరికి రక్షగా పుట్టించిన లేని జ్వరం తనను కూడా ఇన్నాళ్ళూ రక్షించిందని వజోఫ్‌స్కీకి అప్పుడే తెలిసింది. భార్యాబిడ్డలతో వెనుకదారిన బయటపడి వార్సా చేరుకొన్నాడు.

యుద్ధం ముగిసింది. చెప్పుకొనే రోజులు మాత్రం రాలేదు. కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం స్వదేశ సేనలో పనిచేసినవారిని శత్రువులుగా చూసింది. అరెస్టులు, విచారణలు, ఉరిశిక్షలు కూడా జరిగాయి. జర్మన్లపై చేసిన వీరకృత్యం కూడా దాచుకోవలసిన నేరమయింది. 1958లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఉపకారవేతనంపై వజోఫ్‌స్కీ అమెరికా వెళ్ళాడు. షికాగోలో స్థిరపడ్డాడు. కాలక్రమంలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో శిశువైద్య ఆచార్యుడయ్యాడు.

నలభై అయిదేళ్ళ వయసులో కొత్త దేశం, కొత్త భాష. గుంటూరు వైద్యకళాశాలలో చదివి అమెరికా వెళ్ళిన మన వైద్యుల కథలు మనం చాలా విన్నాము. 1965లో అక్కడి వలసచట్టం మారిన తరువాత వారి రాక పెరిగింది. వారికి కళాశాల పూర్వవిద్యార్థుల సంఘాలున్నాయి, సంక్రాంతికి కలిసే తెలుగువారున్నారు, ఏడాదికో రెండేళ్ళకో ఊరికి వచ్చే వీలున్నది. షికాగోలో పోలిష్ వారూ లక్షలలో ఉండేవారు, వారి చర్చీలూ పత్రికలూ ఉండేవి. వజోఫ్‌స్కీకి తోటివారు కరవు కాదు. కాని అతనికున్న అతి పెద్ద సంగతి ఎవరితోను పంచుకోదగ్గది కాదు. స్వదేశంలో ఇంకా బంధువులున్నారు. పిల్లలకు దగ్గుమందు వ్రాసి ఇచ్చే ఈ పెద్దమనిషి ఒకప్పుడు ఒక మహమ్మారిని సృష్టించాడని ఆ ఆసుపత్రిలో ఎవరు ఊహించగలరు?

మతులేవిచ్ కూడా దేశం విడిచి ఆఫ్రికాలోని జయీర్ చేరాడు. 1977లో ఇద్దరూ కలిసి అమెరికా సూక్ష్మజీవశాస్త్ర సంఘపు పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. యాదృచ్ఛికంగా కనుగొన్న కృత్రిమ వైల్-ఫెలిక్స్ చర్య, దానిని తాము సాగించిన 'స్వంత రోగనిరోధక యుద్ధం'లో వాడిన వైనం. వీరగాథలా గాక ప్రయోగశాల నివేదికలా ఉంటుందది. తరువాత 1990ల తొలినాళ్ళలో వజోఫ్‌స్కీ స్మృతులు 'స్వంత యుద్ధం' అనే అర్థంగల శీర్షికతో పోలిష్ భాషలో వెలువడ్డాయి. ఆ శీర్షిక క్రింద తనను తాను 'వైద్యుడు-సైనికుడు' అని పేర్కొన్నాడు. తుపాకితో పోరాడలేక తాను మరొక మార్గం వెదుక్కొన్నానన్న భావం ఆయన మాటల్లో తరచు వినబడుతుంది.

2000 సంవత్సరంలో, డాక్యుమెంటరీ చిత్రీకరణ సందర్భంగా, ఆయన రొజ్వదూఫ్‌కు తిరిగి వెళ్ళాడు. అప్పటికి ఎనభై ఏడేళ్ళు. ఊరు ఊరంతా కదలివచ్చింది. ఒకాయన దగ్గరకు వచ్చి, తన తండ్రికి వచ్చిన టైఫస్‌ను మీరు అయిదు రోజులలో నయం చేశారని చేతులు పట్టుకొని కృతజ్ఞత చెప్పాడు. అది అసలు టైఫస్ కాదనీ, తన టైఫస్ అనీ వజోఫ్‌స్కీ నవ్వుతూ బదులిచ్చాడట. అన్నేళ్ళ తరువాత కూడా ఆ కుటుంబం నిజమైన జ్వరమే వచ్చి తగ్గిందని నమ్ముతూ ఉండినది.

భార్య మరణించిన తరువాత ఆయన చివరి సంవత్సరాలు ఓరెగాన్ రాష్ట్రంలో, కూతురికి దగ్గరగా గడిచాయి. ఆ ఊరి పేరు యూజీన్. ఆయన పేరుకు ఇంగ్లీషు రూపం కూడా అదే. 2006 డిసెంబరు 16న అక్కడే కన్నుమూశాడు.